మౌనం మందబుద్ధి కాదు

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు – ఈ మూడింటి నడుమ పెరుగుతున్న బాలబాలికలు మన కొండాపూర్ ప్రాంతంలో అనేకులు. తొమ్మిదవ తరగతికి వచ్చేసరికి వారిలో కొందరు ప్రశ్న అడిగితే తలవంచుకుంటారు. ఆ మౌనాన్ని మనం మందబుద్ధిగా లెక్కిస్తున్నాము. ఇది అన్యాయం.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే వైద్యాన్నీ, విజ్ఞాన శాస్త్రాలనూ బోధించిన నగరం మనది. ఎంతటి కఠిన శాస్త్రమైనా ఇంటి భాషలో బోధపడుతుందని ఆ ప్రయత్నం నిరూపించింది. కాలం మారింది. 2018 నాటి చట్టం పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేసింది. ఇంగ్లీషు మాధ్యమమూ విస్తరించింది. రెండూ అవసరమే. కాని మెట్లు లేని మేడను ఎవరెక్కగలరు?

ఆ మెట్లు కట్టడం కష్టం కాదు. నల్లబల్లపై ‘ఫొటోసింథసిస్’ అని వ్రాసినప్పుడు ప్రక్కనే ‘కిరణజన్య సంయోగక్రియ’, ‘జియాయీ తాలీఫ్’ అనీ వ్రాయాలి. విద్యార్థి పాఠాన్ని ముందు తన భాషలో తోటివానికి చెప్పి, తరువాత ఇంగ్లీషులో వ్రాయాలి. ఇంటి భాషలోనూ చదవడం, వ్రాయడం కష్టమైన పిల్లలను మందలించక నిపుణులకు చూపాలి. అటువంటి అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి చట్టం గుర్తించింది.

కళాశాల కమిటీ వారికి నా విన్నపం ఒక్కటే. ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగిన మన విద్యార్థులను వారానికి రెండు సాయంత్రాలు సమీప ఉన్నత పాఠశాలలకు పంపండి. సోదర విద్యార్థులారా, ఆ తలవంచిన తమ్ముడు, చెల్లెలు మనవారే. వారి ప్రక్కన కూర్చుందాము.