మా ఇంట్లో గంట కొట్టం

మొన్న శుక్రవారం ఒకరింట్లో భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు. మస్కట్‌లో పదిహేనేళ్ళ పరిచయం, కాబట్టి మొహమాటాల్లేవు.

"ఏమయ్యా, పిల్లని బడి మాన్పించావట. ఇంట్లోనైనా టైంటేబుల్ పెట్టావా?"

"లేదండీ" అన్నాను. అన్నాక గానీ పప్పులో కాలేశానని తెలియలేదు. పప్పు దగ్గర మొదలైన క్లాసు మజ్జిగ దాకా సాగింది. క్రమశిక్షణ, పోటీ ప్రపంచం, ఐఐటీ, చివరికి "అందులోనూ ఆడపిల్ల". ఆ రోజు నోరు మూసుకుని చేయి కడుక్కున్నాను. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. మా ఇంట్లోనూ టైంటేబుల్ ఉండేది. నేనే చేశాను. ఇరవయ్యేళ్ళుగా ప్రాజెక్టు ప్లాన్లు గీసి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి, ఊరుకుంటానా? ఎక్సెల్ షీట్లో ఎనిమిది పీరియడ్లు, సబ్జెక్టుకో రంగు, ఫోన్లో అలారం. పొద్దున్న 7:30కి లెక్కలు, 8:10కి సైన్సు. ఆఫీసుకెళ్ళి, మధ్యాహ్నం ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చింది?" అని స్టేటస్ కూడా అడిగేవాణ్ణి.

మూడో వారం మా ఆవిడ ఆ షీటు నా ముందు పెట్టింది. "ఏవండీ, బడిలో అయితే ఎనిమిదిమంది టీచర్లుంటారు. ఇక్కడ నేనొక్కదాన్నే. ఇందులో నాకు అన్నం తినే టైం ఎక్కడుందో చూపించండి." చూశాను. లేదు. అసలు ఆ షీట్లో ఆవిడ పేరే లేదు.

అదే వారం ఇంకొకటి జరిగింది. మేము బడి మాన్పించిందే పిల్ల కడుపునొప్పి వల్ల. ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారం. ప్రతి ఆదివారం తెల్లవారుజామున బస్సు వచ్చే వేళకి నొప్పి. డాక్టర్లు చూశారు, పరీక్షలు చేశారు, ఏమీ లేదన్నారు. బడి మానగానే పోయింది. నా టైంటేబుల్ మూడో వారంలో, అలారం మోగే వేళకి, మా డైనింగ్ టేబుల్ దగ్గర మళ్ళీ వచ్చింది. ఆ రాత్రి షీటు చించేశాను.

ఇప్పుడు పెద్దాయన గారి లెక్కకి వద్దాం. "ఆరు గంటల చదువు రెండు గంటల్లో ఎలా అవుతుందయ్యా?" అన్నారు. క్లాసులో నలభై మంది, పీరియడు నలభై నిమిషాలు. అంటే ఒక్కో పిల్లకి టీచరు ఇవ్వగలిగేది ఒక్క నిమిషం. ఎనిమిది పీరియడ్లకి ఎనిమిది నిమిషాలు. ఇది టీచర్ల తప్పు కాదు, అంతమందితో ఎవరు మాత్రం ఏం చేస్తారు? కానీ ఇంట్లో ఒక్కపిల్ల పక్కన ఒక్క మనిషి కూర్చున్నప్పుడు ఆ ఆరు గంటలనీ మక్కీకి మక్కీ దించడం దేనికి? 1993లో యశ్‌పాల్ కమిటీ బడిసంచీ బరువు గురించి విచారించి, అంతకంటే పెద్ద బరువు అర్థం కాకపోవడమే అని తేల్చింది. ఆ బరువుని వీపు మీంచి దించి డైనింగ్ టేబుల్ మీద పెడితే తగ్గుతుందా?

"మరి రోజంతా ఇష్టారాజ్యమేనా?" కాదు. ఇష్టారాజ్యం వేరు, వీలుని బట్టి నడవడం వేరు. మస్కట్‌లో ఉన్నవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి చిన్న కొట్లన్నీ షట్టర్లు దించేస్తాయి, మళ్ళీ నాలుగు దాటాక తెరుస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా 12:30 నుంచి 3:30 వరకు ఎండలో బయట పని చేయించడం చట్టమే ఒప్పుకోదు. ఎండని చూసి ఊరు రోజుని రెండు ముక్కలు చేసుకుంది. ఆ వేళలో పిల్లకి మాత్రం ఏడో పీరియడా?

మేమూ ఊరి దారే పట్టాం. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు గంటన్నర లెక్కలు. అది నా వంతు, ఆఫీసుకి వెళ్ళేలోపు. తర్వాత వాళ్ళమ్మతో ఓ గంట ఏదైనా చదవడం. మధ్యాహ్నం పడుకుంటే పడుకుంటుంది, లేకపోతే బొమ్మలేస్తుంది. మా ఆవిడ ఆ వేళలో తన పని తను చేసుకుంటుంది. సాయంత్రం ఖురుమ్ బీచో, కింద పిల్లలతో ఆటో. మాకు ఆరున్నరయ్యేసరికి ఇండియాలో ఎనిమిది. అప్పుడు అమ్మమ్మకి ఫోన్ చేసి తెలుగు చదివి వినిపిస్తుంది. తప్పు చదివితే అమ్మమ్మ ఊరుకోదు. ఒక్కోరోజు ఇందులో సగమే అవుతుంది. మర్నాడు ఎవరూ ఆ బాకీ వసూలు చేయరు.

ఆ మధ్య నిజ్వా వెళ్ళాం. ఒమన్‌లో ఫలజ్ అని కాలువలుంటాయి. భూమిలోని నీటిని మోటారు లేకుండా, వాలు మీద ఊళ్ళోకి తెస్తాయి. ఇప్పటికీ సుమారు 3,000 పనిచేస్తున్నాయి. 2006లో యునెస్కో అయిదింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ అందులో ఒకటి. ఎవరి తోటకి ఎంతసేపు నీళ్ళో లెక్క ఉంటుంది. గడియారాలు లేని రోజుల్లో పగలు నీడని చూసి, రాత్రి నక్షత్రాలని చూసి వంతులు వేసుకునేవారు. "చూశావా, అదీ టైంటేబులే" అంటారు పెద్దాయన. అవును సార్, టైంటేబులే. కాకపోతే అది చెట్టు దాహం నుంచి పుట్టింది. నా ఎక్సెల్ షీటు నా భయం నుంచి పుట్టింది.

అక్కడ మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: "రాత్రి మబ్బు పడితే వంతు ఎలా తెలుస్తుంది నాన్నా?" నాకు తెలియదన్నాను. ఇంటికొచ్చి డాబా మీద కర్ర పాతి, సుద్దతో నీడలు గీస్తూ నాలుగు రోజులు కూర్చుంది. మబ్బు రోజు కోసమట, అడుగున చిల్లి పెట్టిన డబ్బాలో నీళ్ళు పోసి, ఎంతసేపటికి ఖాళీ అవుతుందో లెక్కపెట్టింది. కోణాలు, భాగహారం అన్నీ అందులోనే వచ్చాయి. పాత షీటు ప్రకారం ఆ నాలుగు రోజులూ ఆబ్సెంటే.

పరీక్షల సంగతా? ఎన్ఐఓఎస్ ఉంది. ఓపెన్ స్కూలుగా 1989లో పెట్టిన ప్రభుత్వ సంస్థే. పద్నాలుగు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. దానికి ఇంకా మూడేళ్ళుంది. ఆ ఏడాది పరీక్షకి తగ్గట్టు చదువుతుంది. పద్నాలుగో ఏట రాసే పరీక్షకి పదకొండో ఏటి నుంచే కడుపునొప్పి ఎందుకు?

లోట్లు లేవనను. పొద్దున్న పూట తోటిపిల్లలుండరు, కొన్ని రోజులు దిగులుగా కిటికీ దగ్గర నిలబడుతుంది. అది మేమింకా తీర్చలేదు. పైగా ఇదంతా ఒక జీతంతో గడిచేవాళ్ళకి సాగే ముచ్చట. గోదావరి జిల్లాల నుంచి ఇక్కడికి ఇంటిపనికి వచ్చిన తల్లులున్నారు. వాళ్ళ పిల్లలు ఊళ్ళో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. వాళ్ళ ముందు మా ఇంటి చదువు గురించి గొప్పలు పోయే మొహం నాకు లేదు.

అందుకే బడి మానమని ఎవరికీ చెప్పను. నా తగువు బడితో కాదు, బడి గంటని ఇంటికి మోసుకొచ్చే మనతోనే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఇక్కడ బళ్ళు మూసేశారు. పిల్లల రోజు పూర్తిగా మన చేతికొచ్చింది. ఏం చేశాం? యూనిఫాం చొక్కా తొడిగి స్క్రీన్ ముందు కూర్చోబెట్టాం. అది చాలక సాయంత్రం ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించాం. ఎవరు అడిగారు మనల్ని? పిల్లలు బడికి వెళ్ళినా సరే, ఇంటికి వచ్చాకైనా వాళ్ళని ఊరికే ఉండనివ్వండి. నేనడిగేది అంతే.

పెద్దాయన మీద నాకు కోపం లేదు. వచ్చే శుక్రవారం భోజనానికి మా ఇంటికి రమ్మన్నాను. మనవణ్ణి కూడా తీసుకురండి, మా అమ్మాయి నీళ్ళ గడియారం చూపిస్తుందన్నాను. ఆయన వస్తారట. వాడికి మాత్రం కుదరదట. శుక్రవారం ట్యూషన్ ఉందట.