మనిషిని చదువుకున్న జంతువు

తెలుగువారి మాటలలో కుక్కకు ఉన్నంత విచిత్రమైన స్థానం మరే జంతువుకూ లేదు. నిందించవలసి వస్తే ముందుగా నోటికి వచ్చేది దాని పేరే. విశ్వాసానికి ఉదాహరణ కావలసినప్పుడు తలపునకు వచ్చేదీ అదే. ఈ రెండు భావాలూ ఈనాటివి కావు. నన్నయభట్టు ఆంధ్రీకరించిన ఆదిపర్వంలో, జనమేజయుడు యజ్ఞం చేస్తున్న చోట ఆడుకుంటున్న కుక్కపిల్లను ఆయన తమ్ములు అకారణంగా కొడతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు ఎదుటికి వచ్చి, ఏ తప్పూ చేయని బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. పదునెనిమిది పర్వాల కథ ముగియవచ్చే వేళకు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గంలో అడుగుపెట్టనంటాడు ధర్మరాజు. ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయం ఇతిహాసపు ఆరంభంలో ఉన్నది. ఒక కుక్కకు దక్కిన న్యాయం దాని ముగింపునకు చేరువలో ఉన్నది. ఈ రెంటి నడుమ మనిషికీ కుక్కకూ గల బంధం ఎటువంటిదో ఆధునిక విజ్ఞానం కొంత విప్పి చెప్పగలుగుతున్నది.

పద్నాలుగు వేల ఏళ్ళ నాటి సమాధి

మనిషికి మచ్చికైన తొలి జంతువు కుక్క. ఆవు, మేక, గొర్రె దాని తరువాత వచ్చినవే; వ్యవసాయం సైతం తరువాతిదే. 1914లో జర్మనీలోని బాన్ నగర సమీపాన, ఓబర్‌కాసెల్ అనే చోట రాతిగనిలో పనిచేస్తున్న కూలీలకు ఒక పురాతన సమాధి కనిపించింది. అందులో ఒక పురుషుని అస్థికలు, ఒక స్త్రీ అస్థికలు, వాటితోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు ఉన్నాయి. అవి సుమారు 14,000 సంవత్సరాల నాటివి.

2018లో ప్రకటితమైన ఒక పరిశీలనలో ఆ కుక్కపిల్ల దంతాలు మరొక కథను బయటపెట్టాయి. ఏడు నెలలైనా నిండని ఆ పిల్లకు డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధి సోకింది. అయినా అది కొన్ని వారాలపాటు బ్రతికింది. నీరు పట్టి, వెచ్చగా ఉంచి, శుభ్రపరిచేవారు లేనిదే అన్నాళ్ళు బ్రతకటం సాధ్యం కాదని పరిశోధకుల అభిప్రాయం. జబ్బుపడిన ఆ పిల్ల వేటకు పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా ఎవరో దానికి సేవ చేశారు. కుక్కను మనిషి కేవలం ప్రయోజనం కోసమే చేరదీశాడన్న వాదానికి ఆ చిన్న సమాధి ఒక సమాధానం.

మన దేశంలోనూ అటువంటి గుర్తులు లేకపోలేదు. శ్రీనగర్ సమీపాన గల బుర్జహోమ్‌లో నవీన శిలాయుగపు ప్రజలు మనుషులను పూడ్చిన గోతులలో కుక్కలను కూడా ఉంచారు.

ప్రాచీన తోడేళ్ళ సంతతి కుక్కగా మారటంలో ఆహారం పాత్ర కూడా తక్కువది కాదు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్‌ను తయారుచేసే జన్యువు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులే ఉంటుంది. కుక్కలలో నాలుగు మొదలు ముప్పై వరకు ఉన్నట్లు 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వాకిట పెట్టిన పెరుగన్నం తిని కుక్క హాయిగా అరిగించుకుంటున్నదంటే, దాని వెనుక మనిషి ఎంగిలి మెతుకులతో పెనవేసుకున్న వేల ఏళ్ళ చరిత్ర ఉన్నది.

చూపులోని రహస్యం

కుక్క గొప్పతనం ముక్కులో ఉన్నదని అందరూ ఎరుగుదురు. మనిషి ముక్కులో వాసనను పసిగట్టే కణాలు సుమారు 50 లక్షలు కాగా, కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయి. రంగుల విషయంలో మాత్రం అది పేదదే. నీలం, పసుపు పచ్చ రంగులను గుర్తిస్తుంది గాని, ఎరుపునకూ ఆకుపచ్చకూ భేదం దానికి తెలియదు. పచ్చిక మీద పడిన ఎర్రబంతిని కుక్క కంటితో కంటె ముక్కుతోనే త్వరగా వెదకిపట్టగలదు.

అయితే వాసన పట్టే శక్తి తోడేలుకూ ఉన్నది. కుక్క ప్రత్యేకంగా నేర్చినది మనిషిని చదవటం. కనుబొమ లోపలి కొసను పైకెత్తి దీనంగా చూసేందుకు తోడ్పడే కండరం కుక్కలలో చక్కగా వృద్ధి చెంది ఉన్నదనీ, తోడేళ్ళలో అది నామమాత్రమేననీ 2019లో పరిశోధకులు ప్రకటించారు. అన్నం తినేవారి ఎదుట కూర్చుండి కుక్క చూసే చూపునకు కరగని మనస్సు అరుదు. అటువంటి చూపు గల కుక్కలకు తరతరాలుగా ఒక ముద్ద ఎక్కువ దక్కి ఉంటుందని వారి ఊహ.

ఆ చూపు ఫలితం రెండువైపులా ఉంటుంది. తల్లికీ బిడ్డకూ నడుమ మమతను పెంచే ఆక్సిటోసిన్ అనే హార్మోను, కుక్కా యజమానీ ఒకరి కళ్ళలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. మనుషుల చేతులలో పెరిగిన తోడేళ్ళలో ఇది కనిపించలేదు.

వీధికుక్క విజ్ఞత

ఈ గుణాలన్నీ పెంపుడు కుక్కలకే పరిమితమని భావించేవారు కలరు. కాని ప్రపంచంలోని కుక్కలలో అధికభాగం ఏ ఒక్కరి ఇంటివీ కావు. వీధులలో పుట్టి వీధులలోనే బ్రతికేవి. వాటి బుద్ధిని గురించి చెప్పుకోదగిన పరిశోధన జరిగింది మన దేశంలోనే.

మనిషి వ్రేలితో చూపిన దిక్కును గ్రహించటంలో కుక్కలు చింపాంజీలను మించిపోతాయని 2002లో బ్రయన్ హేర్ మొదలైనవారు తెలియజేశారు. ఏ శిక్షణా లేని వీధికుక్కల మాటేమిటి? కోల్‌కతా ఐసర్ సంస్థలో డాక్టర్ అనిందితా భద్ర బృందం ఈ ప్రశ్నను చేపట్టింది. మూతపెట్టిన రెండు గిన్నెలను ఉంచి, అపరిచితుడైన వ్యక్తి ఒకదానివైపు వ్రేలు చూపుతాడు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, సుమారు సగం కుక్కలు భయంతోనో అనుమానంతోనో దగ్గరకే రాలేదు. దగ్గరకు వచ్చినవాటిలో ప్రతి అయిదింటిలోనూ సుమారు నాలుగు, వ్రేలు చూపిన గిన్నె వద్దకే వెళ్ళాయి.

అదే బృందం 2017లో ప్రకటించిన మరొక విషయం ఇంతకంటె హృదయాన్ని తాకుతుంది. క్రొత్త మనిషిపై వీధికుక్కకు నమ్మకం కుదర్చటంలో, పదేపదే ఆహారం పెట్టటం కంటె పదేపదే తల నిమరటమే ఎక్కువ ఫలితాన్ని ఇచ్చింది. కడుపు నిండని జంతువు సైతం ఆప్యాయతనే మిన్నగా ఎంచుకున్నది.

కాని మనిషి వద్ద దానికి లభించేది ఆప్యాయత ఒక్కటే కాదు. ఆ బృందమే 2016లో ప్రచురించిన లెక్కల ప్రకారం, గమనించిన వీధికుక్క పిల్లలలో నూటికి 19 మాత్రమే ఏడు నెలల వయస్సు దాటాయి. మరణాలలో నూటికి 63కు ప్రత్యక్షంగానో పరోక్షంగానో మనుషులే కారణం. సరమ అడిగిన ప్రశ్న ఇంకా వీధులలో వినిపిస్తూనే ఉన్నది.

తీరని ఋణం

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్‌ను కనుగొన్నది కుక్కలపై జరిపిన ప్రయోగాల మూలంగానే. నేడు కోట్లాది మధుమేహ రోగుల ప్రాణాలు ఆ మందుపై నిలిచి ఉన్నాయి. 1957 నవంబరు 3న భూమిని చుట్టిరావటానికి పంపబడిన లైకా మాస్కో వీధులలో తిరిగిన కుక్క. చలికీ ఆకలికీ ఓర్చినది గనుక ఎన్నికైంది. దానిని తిరిగి తెచ్చే ఏర్పాటు ఏదీ లేదు. కొన్ని గంటలలోనే ఉష్ణతాపానికి అది మరణించిందన్న నిజం 2002లో గాని లోకానికి తెలియలేదు.

మనిషి కుక్కకు ఋణపడినట్లే, కుక్క మూలంగా మనిషికి కలిగే కీడు కూడా కాదనరానిది. మనుషులలో రేబీస్ మరణాలు దాదాపు అన్నీ కుక్కకాటు వల్లనే సంభవిస్తున్నాయి. మృతులలో పసిపిల్లలు ఎందరో. ఒకసారి లక్షణాలు కనిపించిన పిమ్మట ఈ వ్యాధికి చికిత్స లేదనే చెప్పాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేళ్ళ బాలునికి టీకా వేయటంతో లోకానికి ఆశ కలిగింది. మన దేశంలో కసౌలీలో 1900లోను, కూనూరులో 1907లోను పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకాను గొర్రె మెదడు నుండి తయారుచేసేవారు. బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు సూదులను తలచుకొని వణికే పెద్దలు ఇప్పటికీ కలరు. 2004తో ఆ టీకాకు మన దేశంలో కాలం చెల్లింది. నేడు చేతికి వేసే కొద్దిపాటి సూదులతో పని ముగుస్తున్నది.

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అన్నది సామెత. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. కాటుపడిన వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసరులూ మంత్రాలూ నమ్మి కాలహరణం చేయక టీకా వేయించుకోవాలి. గాయం లోతైనదైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి 70కి క్రమం తప్పక టీకాలు వేస్తే అక్కడ రేబీస్ వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కుక్కలను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేయాలని నిర్దేశించే నియమాలు మన దేశంలో 2001లో వచ్చాయి. 2023లో వాటి స్థానంలో క్రొత్తవి వెలువడ్డాయి. 2025లో వీధికుక్కల వివాదం సుప్రీంకోర్టుకు చేరి దేశమంతటా తీవ్ర చర్చకు దారితీసింది.

ఆ చర్చలో ఎవరు ఏ పక్షాన నిలిచినా మరువరాని సంగతి ఒకటున్నది. వీధికుక్కకు వేసిన టీకా ఆ కుక్కను మాత్రమే కాపాడదు. అదే వీధిలో ఆడుకునే బిడ్డను కూడా కాపాడుతుంది. ఈ ఇద్దరి క్షేమం ఒకదానికొకటి విరుద్ధం కాదు.