వరద గోదావరి – పడవవాడు – మనం

గోదావరికి ఎర్రనీరు తగలగానే మన కవులు కొందరికి ఆవేశం వస్తుంది. నది ఉగ్రరూపం దాలుస్తుంది, మానవుని అహంకారం అణగిపోతుంది, పడవ బ్రతుకుకు ప్రతీక అవుతుంది. అలా ప్రతీక అయిన పడవలో పడవవాడు మాత్రం ఉండడు. ఉన్నా విధి చేతిలో కీలుబొమ్మగా ఉంటాడు. యీ కవిత్వాన్ని విధివాదులే రాస్తే నాకు పేచీ లేదు. అభ్యుదయ రచయితలమని చెప్పుకునేవాళ్ళు కూడా రాస్తున్నారు గనకనే యీ వ్యాసం.

1964లో వచ్చిన "మూగమనసులు" చిత్రం సంగతి చూడండి. కాలేజీకి పోయే జమీందారు బిడ్డను ఏరు దాటించే పడవవాడు అందులో నాయకుడు. పడవవాణ్ణి నాయకుణ్ణి చేసినందుకు ఆదుర్తి సుబ్బారావును మెచ్చుకోవలసిందే. కాని ఆ కథలో సుడిగుండం చేసే పని ఏమిటి? పూర్వజన్మను గుర్తు చెయ్యటం! గోదావరి మీద పొట్టపోసుకునేవాడికి సుడి పూర్వజన్మను గుర్తు చెయ్యదు. అడుగున రాయి ఉన్నదనో, ఒడ్డు మలుపు తిరిగిందనో, ఎగువ నుంచి నీరు పెరిగిందనో చెబుతుంది.

వరదలో పడవ దాటించటానికి ధైర్యం కావాలనుకుంటారు పట్నవాసులు. ధైర్యం కన్న ముందు కావలసినవి చాలా ఉన్నాయి. అవతలి రేవుకు ఎదురుగా పడవ తోసినవాడు ఆ రేవు చేరడు. ప్రవాహం దిగువకు యీడ్చుకుపోతుంది. అందుకని ఒడ్డు వెంబడి, వడి తక్కువున్న చోట, గెడ వేసుకుంటూ ఎగువకు పోయి, అక్కడ వదిలి ఏటవాలుగా దాటాలి. కొట్టుకొచ్చే మానుల్ని దూరం నుంచే కనిపెట్టాలి. మొన్నటి ఇసుక తిప్ప మీద యివాళ ఎంత లోతో తెలియాలి. గెడకు నేల అందనప్పుడు తెడ్డు అందుకోవాలి. పాపికొండల దగ్గర నది కొండల మధ్య యిరుకున పడుతుంది. పెరిగిన నీరు పక్కకు పోలేక ఎత్తుకూ వేగానికీ పోతుంది. యిదంతా తరతరాల పరిశీలన, అంటే సైన్సు. దీన్ని మనవాళ్ళు "నదితో ఆత్మీయబంధం" అంటారు. బంధమంటే కూలి యివ్వనక్కరలేదు గదా!

2019 సెప్టెంబరు 15న గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల నీరు పోతూ వుండగా ఒక విహారపు బోటు పాపికొండలకు బయల్దేరి కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ నీటిలో టిక్కెట్లు అమ్మమని గోదావరి అడగలేదు. చనిపోయినవాళ్ళూ ఆచూకీ దొరకనివాళ్ళూ కలిసి యాభైకి పైబడ్డారు. 26 మంది బ్రతికారంటే తూటుగుంట గ్రామస్థులు నాటుపడవలు వేసుకుని వచ్చినందువల్ల. ఆ బోటును 38వ రోజున, అక్టోబరు 22న, పైకి తీసింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనప తాళ్ళతో. వీళ్ళను దేవుళ్ళన్నారు. దేవుడికి కూలి అడిగే హక్కు ఉండదు. దుర్ఘటనకు ముందు నెల, ఆగస్టులో, పోలవరం కాఫర్ డ్యాం అడ్డుకు ఎగదన్నిన నీరు అదే దేవీపట్నం మండలంలో ఊళ్ళను ముంచింది. అప్పుడు వాళ్ళు దేవుళ్ళు కారు, ముంపు జాబితాలో పేర్లు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. నీరు అంతంత పెరిగినప్పుడు రేవులు మూస్తారు. మూయవలసిందే, మనుషుల్ని ముంచి పొట్ట పోసుకుంటానని ఏ పడవవాడూ అనడు. కాని 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చి (1986లో 75.6 వచ్చింది, ఆ తర్వాత యిదే పెద్దది) కోనసీమ లంకల్లోకి నీరు చేరినప్పుడు మంచినీళ్ళు మొయ్యటానికీ, ముసలివాళ్ళను మెరకకు చేర్చటానికీ పడవవాళ్ళు కావలసివచ్చారు. రేవుకు పనికిరాని పడవ సహాయానికి పనికొస్తుందన్నమాట.

పడవవాళ్ళు మోతాదు మించి ఎక్కిస్తారనీ, వరదలో రెట్టింపు అడుగుతారనీ ఒక వాదం ఉంది. కొందరు అడుగుతారు, నిజమే. వాళ్ళను దేవతల్ని చెయ్యటం నా ఉద్దేశం కాదు. అయితే రేవును వేలంలో పాడుకున్నవాడు పాట సొమ్ము ఏడాదిలో రాబట్టుకోవాలి. రేవు మూతపడ్డ రోజుల నష్టాన్ని తెరిచిన రోజుల్లో పూడ్చుకుంటాడు. ఎలా? పది మంది ఎక్కవలసినచోట పదిహేను మందిని ఎక్కించి. గెడ పట్టినవాడు అతని కూలివాడు. దింపెయ్యమంటే రేపు వేరొకడు గెడ పడతాడు. వేలాన్ని వదిలి కూలివాడి దురాశ మీద పడే విమర్శ ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి.

సముద్రంలో వేట నిషేధించిన 61 రోజులకు ప్రభుత్వం మత్స్యకారులకు భృతి యిస్తున్నది. పోరాడి అడిగితే వచ్చింది. రేవు మూసిన రోజులకు కూడా అదే న్యాయం వర్తించాలని, వరద సహాయానికి పిలిచిన పడవకు రోజుకింతని ముందే కట్టాలని, మన సంఘం ఏ సభలోనైనా తీర్మానం చేసిందా? వచ్చే సభలో నేను పెడతాను. కిందటి వరదలో ఏ రేవు ఎన్నాళ్ళు మూశారో, ఏ పడవ ఎన్ని రోజులు లంకలకు తిరిగిందో, ఎంత ముట్టిందో రేవుల్లో కూర్చుని అడిగి రాసుకొచ్చేవాళ్ళు కావాలి. గోదావరి జిల్లాల విద్యార్థులు యీ వేసవి సెలవుల్లో ఆ పని మొదలుపెడితే, జూలైలో ఎర్రనీరు తగిలేలోపల లెక్క చేతికొస్తుంది.