యూకే ఈపీసీ రూల్స్: చలి ఇంటి బిల్లు ఎవరు కట్టాలి? అద్దెకిచ్చే ఓనర్‌కు ఒక లెక్క.. అమ్మే ఓనర్‌కు మరో లెక్క!

యూకేలో ఇల్లు అద్దెకివ్వాలన్నా, అమ్మాలన్నా ఈపీసీ, అంటే ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఇంటిని వెచ్చగా ఉంచడానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసి ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు గ్రేడ్ ఇస్తారు. ‘ఏ’ అంటే బెస్ట్. ‘జీ’ అంటే చలికాలంలో జేబుకు చిల్లే. చదువు కోసమో, ఉద్యోగం కోసమో అక్కడికి వెళ్లి అద్దె ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లకు ఈ అక్షరం చాలా ముఖ్యం.

ఇప్పుడున్న రూల్ ఏంటి?

ఇంగ్లండ్, వేల్స్‌లో అద్దె ఇంటికి కనీసం ‘ఈ’ గ్రేడ్ ఉండాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త అగ్రిమెంట్లకు, 2020 ఏప్రిల్ 1 నుంచి పాత అద్దెలకు కూడా ఇదే రూల్. తప్పితే ఇంటికి 5,000 పౌండ్ల వరకు ఫైన్. అయితే 3,500 పౌండ్ల పరిమితిలో చేయగలిగిన పనులన్నీ చేయించినా ‘ఈ’ గ్రేడ్ రాకపోతే ఓనర్ మినహాయింపు రిజిస్టర్ చేసుకోవచ్చు.

మరి అమ్మేవారి సంగతి? వారికి కనీస గ్రేడ్ లేదు. సర్టిఫికెట్ చూపిస్తే చాలు, ‘జీ’ ఇల్లయినా అమ్ముకోవచ్చు.

2030 టార్గెట్.. ఊగిసలాట

అద్దె ఇళ్లను ‘సీ’ గ్రేడ్‌కు పెంచాలన్న మాట కొత్తది కాదు. కొత్త అద్దెలకు 2025 గడువు అని మొదట ప్రతిపాదించారు. 2023 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని రిషి సునాక్ దాన్ని పక్కన పెట్టేశారు. లేబర్ ప్రభుత్వం వచ్చాక 2025 ఫిబ్రవరిలో మళ్లీ కదలిక. 2030 నాటికి ‘సీ’, ఓనర్ ఖర్చుకు 15,000 పౌండ్ల పరిమితి అంటూ అభిప్రాయాలు కోరింది.

అసలు చిక్కు ఇక్కడే

గోడలకు, పైకప్పుకు ఇన్సులేషన్ వేయించే ఖర్చు ఓనర్‌ది. తగ్గే బిల్లు అద్దెకుండేవారిది. అందుకే రూల్ లేకపోతే ఓనర్ కదలడు. రూల్ వస్తే కొందరు అద్దె పెంచాలని చూస్తారు, ఇంకొందరు ఇల్లే అమ్మేస్తారు. అమ్మకానికి కనీస గ్రేడ్ లేదు కాబట్టి చలి ఇల్లు అలాగే చేతులు మారుతుంది. అలాంటివి పెరిగితే అద్దె ఇళ్లు తగ్గి అద్దెలపై ఒత్తిడి పెరగొచ్చు. అలాగని వాయిదా వేస్తే? ఓనర్ ఖర్చు ఒక్కసారిది.. టెనెంట్ ఖర్చు ప్రతి చలికాలానిది. గడువు జరిగిన ప్రతిసారీ ఆ బిల్లు పడింది టెనెంట్ మీదే.

‘సీ’ ఉంటే బిల్లు తక్కువేనా?

గ్యారంటీ లేదు. అసెసర్ చూసేది గోడలు, పైకప్పు, కిటికీలు, బాయిలర్. మీటర్ రీడింగ్ కాదు. పైగా సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. తొమ్మిదేళ్ల కిందటి గ్రేడ్ ఇప్పటి ఇంటి పరిస్థితిని చెప్పకపోవచ్చు.

సంతకానికి ముందు ఇవి చూడండి

* ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఈపీసీ ఫ్రీగా కనిపిస్తుంది. గ్రేడ్‌తో పాటు తేదీ కూడా చూడాలి.
* షేరింగ్ ఇంట్లో ఒక్క గది తీసుకుంటే గదికి విడిగా ఈపీసీ ఉండదు. ఇల్లు మొత్తం గ్రేడ్ అడగాలి.
* ‘ఎఫ్’ లేదా ‘జీ’ ఉంటే మినహాయింపు ఉందా అని ఓనర్‌ను అడగాలి. లేదంటే లోకల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.
* అద్దె తక్కువని తొందరపడొద్దు. అద్దె, హీటింగ్ బిల్లు రెండూ కలిపి లెక్కేసుకోవాలి.