సినిమా ఎట్లున్నది?

ఆదివారము నాడు జగిత్యాలలో మధ్యాహ్నపు ఆట విడిచినంతనే సినిమాహాలు ముంగిట జనము గుంపులు గుంపులుగా నిలిచిపోవును. సాయంకాలపు ఆటకై వరుసలో నిలిచినవారు బయటికి వచ్చుచున్నవారిని ఒక్కటే ప్రశ్న అడుగుదురు: “ఎట్లున్నది సినిమా?” “మస్తున్నది” అని యొకడు చెప్పును. “బేకారున్నది” అని మరియొకడు పెదవి విరుచును. “ఒక్కపారి చూడొచ్చు” అని మూడవవాడు మధ్యమార్గము చూపును. కోరుట్లలోను, సిరిసిల్లలోను ఇదియే ప్రశ్న, ఇవియే సమాధానములు. రెండున్నర గంటల కథ రెండు మాటలలో తీరిపోవును.

ఈ మాటలు తేలికగా పలుకబడునవే కాని వాని ఫలము తేలికైనది కాదు. “బేకారు” అను మాట విన్న పదుగురిలో కొందరు టికెట్టు కొనక వెనుదిరుగుదురు. వారు చిత్రమును చూడలేదు. చూచి వచ్చినవాని ముఖమును మాత్రము చూచిరి. మరునాడు బడిలో వారు “బేకారట” అని చెప్పుదురు. సాయంకాలమునకు ఆ చివరి “అట” కూడ రాలిపోవును. అంతటితో చూడనివారు సైతము తీర్పరులైరి!

1955లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ కలకత్తాలో ప్రదర్శింపబడినప్పుడు తొలిదినములలో ప్రేక్షకులు పలుచగనే యుండిరి. చూచినవారు తాము చూచినదానిని ఇరుగుపొరుగువారికి చెప్పగా చెప్పగా హాలు నిండసాగెను. 1959లో గురుదత్ తీసిన ‘కాగజ్ కే ఫూల్’ చిత్రమునకు దీనికి విరుద్ధముగా జరిగినది. జనము దానిని త్రోసివేసెను. ఆ పిమ్మట దర్శకుడుగా ఆయన పేరు మరియొక చిత్రముపై కనబడలేదు. 1964లో ఆయన మరణించెను. ఈనాడు దానిని గొప్ప చిత్రములలో నొకటిగా నెన్నుచున్నారు. ఆ మెప్పు వినవలసినవాడు వినలేదు.

దూరపు మాటలు అట్లుండనిచ్చి, ఈ ప్రాంతములోనే జరిగిన యొక విషయము చూడవచ్చును. 2023వ సంవత్సరము మార్చి 3వ తేదీన ‘బలగం’ అను చిత్రము విడుదలయైనది. దర్శకుడు వేణు ఎల్దండి సిరిసిల్ల బిడ్డయే. అంతకు మునుపు తెరపై నవ్వించు నటుడుగా మాత్రమే జనులకు తెలిసినవాడు. కథ మిక్కిలి చిన్నది. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. చిన్నకర్మనాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ముసలివాని మనసులో నేదో కొరత మిగిలినదని ఊరు గుసగుసలాడును. ఆ కొరతకు మూలము ఇరువది యేండ్ల క్రిందటి పగ. పగకు కారణమో, విందులో అల్లునికి నల్లిబొక్క పడకపోవుట! వినువారికి నవ్వు వచ్చును. కాని పెండ్లివిందులలో ఇంతకంటె చిన్న విషయములపై అలిగి లేచిపోయిన బంధువులను ఎరుగని ఇల్లు ఈ ప్రాంతమున నుండదు. అందుచేతనే ఆ నవ్వు ఎక్కువసేపు నిలువదు.

ఆ వసంతమున తెలంగాణ పల్లెలలో చావడుల యెదుట, బడి మైదానములలో తెరలు కట్టి ఆ చిత్రమును చూచిరి. పనినుండి వచ్చినవారు చాపలు పరచుకొని కూర్చుండిరి. ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు చిత్రము చూచిన పిమ్మట కలిసికొనిరని పత్రికలలో వార్తలు వచ్చెను. వారిని “సినిమా ఎట్లున్నది?” అని యెవరైన అడిగిరో లేదో! అడిగినను వారు “మస్తున్నది” అని ఊరకుండెడివారు కారు. లేచి అన్న ఇంటికి పోయినవాడు తన అభిప్రాయమును నోటితో గాక కాళ్లతో చెప్పినాడు. చలనచిత్రమునకు ఇంతకంటె పెద్ద విమర్శ మరియొకటి దొరకుట యరుదు.

2023వ సంవత్సరపు చిత్రములకు 2025లో ప్రకటింపబడిన జాతీయ పురస్కారములలో ఉత్తమ గీతరచనకై ఈ చిత్రమునకు పాట వ్రాసిన కాసర్ల శ్యామ్‌కు పురస్కారము లభించినది. మంచిదే. కాని ఢిల్లీ తీర్పు వచ్చుటకు రెండేండ్ల ముందే చాపలపై కూర్చున్నవారి తీర్పు వెలువడినది.

ఇచ్చట భాషను గూర్చి యొక మాట చెప్పవలెను. సిరిసిల్లకు సమీపమున నున్న హనుమాజీపేటలో 1931లో సి. నారాయణరెడ్డి జన్మించెను. ఉర్దూ మాధ్యమమున చదివిన ఆ బాలుడే పెద్దవాడై 1962లో ‘గులేబకావళి కథ’కు వ్రాసిన పాటలను తెలుగువారందరు పాడుకొనిరి. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయన కావ్యమునకు లభించినది. ఈ నేలపై పుట్టినవాని పాట తెరపై అట్లు గౌరవింపబడెను. ఈ నేల మాటకు మాత్రము ఆ గౌరవము చాలకాలము దక్కలేదు. అనేక చిత్రములలో తెలంగాణపు మాట నవ్వించువానికో, రౌడీకో, ఇంటి నౌకరుకో పంచియిచ్చుచుండెడివారు. నాయకుడు ప్రేమించునప్పుడు వేరు భాష. తల్లి ఏడ్చునప్పుడు వేరు భాష. హాలులో కూర్చున్న కోరుట్ల బాలుడు తన యింటి మాట వినబడినంతనే అందరితోపాటు తానును నవ్వెడివాడు. ఆ నవ్వులో కొంత సిగ్గు కూడ నుండెడిది. ‘బలగం’లో ఏడ్చువారు, కోపించువారు, ప్రేమించువారు, బుద్ధి చెప్పువారు అందరును ఆ మాటయే మాటలాడిరి. చివర శారదకథలు చెప్పు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట విని ఏడ్వనివారు తక్కువ. వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన ఆ మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూసెను.

అయినను “మన మాట ఉన్నది, మన ఊరు ఉన్నది, కనుక మంచి చిత్రము” అనుట సరికాదు. అదియును “బేకారు” వంటిదే. ఆలోచించు శ్రమను తప్పించుకొను ఉపాయము. ఊరివానిని మెచ్చుకొనుట ధర్మమే. కాని చూడక మెచ్చినచో అది వానికి గౌరవము కానేరదు.

ఒక్క చిత్రమునే నలుగురు నాలుగు విధముల చూడవచ్చును. కోరుట్లలో బీడీలు చుట్టు తల్లి యొకతె దానిని చూచి, “అలిగింది అల్లుడు, మాట పడ్డది మగోళ్లు, ఇరవై ఏండ్లు పుట్టింటికి దూరమైంది మాత్రం ఆడపిల్ల” అని అనవచ్చును. పదవ తరగతి బాలుడొకడు, “పిట్ట ముట్టకుంటే ఊరికి కీడని భయపెడితేనే కలవాల్నా? భయం లేకుంటే కలవరా?” అని అడుగవచ్చును. సిరిసిల్లలో మరమగ్గము నడుపువాడు, “పొద్దంతా సాంచెల చప్పుడు వినేటోనికి ఆ ఇంటి నిశ్శబ్దం కొత్తగున్నది” అనవచ్చును. ఈ ప్రాంతములనుండి వేలకొలది జనులు గల్ఫు దేశములకు పనికి పోయియున్నారు. తండ్రి మరణవార్త ఫోనులో విని, సెలవు దొరకక, అచ్చటనే స్నానము చేసి మరునాడు పనిలోనికి పోయినవారు వారిలో లేకపోలేదు. ఆ మార్చి నెలాఖరు నాటికే చిత్రము ఫోనులలోనికి వచ్చినది. అట్టివాడు దుబాయిలోని ఇరుకుగదిలో రాత్రి దానిని చూచినచో నల్లిబొక్క వానికి కానరాదు. తాను మోయని పాడె మాత్రము కానవచ్చును. “ఎట్లున్నది?” అని యడిగిన తోటివానికి వాడేమి చెప్పగలడు?

వీరిలో ఆ తల్లి మాట అన్నిటికంటె బలమైనది. చిత్రములో కూతురైన లక్ష్మికి కన్నీరు దొరకినంతగా మాట దొరకలేదు. తండ్రి బ్రతికియుండగా పుట్టినింటికి ఏల రాలేకపోయినదో ఆమె నోట విన్నచో కథకు మరింత బలము వచ్చియుండెడిది. ఇట్లనుట చిత్రమును నిందించుట కాదు. లోపము చెప్పినవాడెల్ల శత్రువనుకొనుట అభిమాన సంఘములవారి అలవాటు. తమ నటుని చిత్రమును ఎవరైన బాగుండలేదన్నచో వారు చొక్కా చేతులు మడుతురు.

ఈ కాలపు మరియొక వింత వసూళ్ల ముచ్చట. మొదటి దినమున ఎన్ని కోట్లు వచ్చెనో, ఏ చిత్రము ఏ చిత్రమును మించెనో ఎనిమిదవ తరగతి పిల్లలు తమ గణితపు లెక్కలకంటె శ్రద్ధగా చెప్పగలరు. ఆ కోట్లలో నొక్క రూపాయయు వీరి జేబులోనికి రాదు. పోయిన టికెట్టు రూపాయలు మాత్రము ఇంటివి. పైగా కోటుల లెక్క చెప్పువానిని కథయేమని యడిగినచో తల గీరుకొనును.

జగిత్యాల బస్సునిలయమున కోరుట్ల బస్సు ఎక్కిన ఇరువురు మిత్రులు ఇప్పుడే చూచివచ్చిన చిత్రమును గూర్చి మాటలాడుకొనుచున్నారనుకొందము. ఒకడు “బేకార్రా, నిద్రొచ్చింది” అనెను. రెండవవాడు కోపింపక, “యాడ్నుంచి నిద్రొచ్చింది?” అని యడిగెను. మొదటివాడు కొంచెము ఆలోచించెను. “వాళ్ల నాయిన ఊరిడిసి పోయినంక” అనెను. “నాకు ఆడనే ఏడుపొచ్చింది” అని రెండవవాడు చెప్పెను. “ఎందుకు?” అని మొదటివాడు వానివైపు తిరిగి కూర్చుండెను. కోరుట్ల వచ్చి బస్సు నిలిచినది. కండక్టరు కేకవేయువరకు వారిరువురును దిగలేదు.