పాత కంప్యూటర్‌కి కొత్త తోడు

కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందని మన పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. ఫోన్లు, కంప్యూటర్ల విషయంలో ఇది మనం రోజూ చూస్తున్నదే. కానీ కొంతమంది ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతోంది. నాలుగు డాలర్ల కొత్త చిప్పు వచ్చి, నలభై ఏళ్ళ నాటి కంప్యూటర్‌ని మళ్ళీ పనిలో పెడుతోంది. ఇలాంటి పరికరం ఒకటి మీరూ సొంతంగా చేసి చూడాలని నా అభిప్రాయం. అయితే రెండు షరతులు. మీ పరికరం పాత యంత్రాన్ని పాడుచెయ్యకూడదు. అది ఎలా పనిచేస్తుందో మీ తర్వాతివాళ్ళకి తెలియాలి.

ముందు ఒక ఉదాహరణ చూద్దాం. కమడోర్ 64 అనే కంప్యూటర్ 1982లో అమెరికాలో వచ్చింది. దాని మెమరీ 64 కిలోబైట్లు. ఈ రోజు మీ ఫోన్‌తో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు! దానికి తోడుగా 1541 అనే ఫ్లాపీ డ్రైవ్ ఉండేది. అది డిస్కు చదివి, సెకనుకి సుమారు 400 బైట్ల చొప్పున కంప్యూటర్‌కి పంపేది. అంటే 40 కిలోబైట్ల ఆట మొదలవ్వాలంటే నిమిషంన్నర దాటి ఎదురుచూడాలి.

వేగం సంగతి అలా ఉంచండి. కంప్యూటర్ పనిచేస్తున్నా, డ్రైవ్ పాడైపోతే ఏం చేస్తాం? అందులో తిరిగే భాగాలు అరిగిపోతాయి. డిస్కు మీది అయస్కాంతపు పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది. ప్రోగ్రామ్ ఎక్కించే దారి లేకపోతే, మంచి కంప్యూటర్ కూడా అలమరాలో బొమ్మలా కూర్చోవాల్సిందే.

ఇక్కడ పనికొచ్చేదే మైక్రోకంట్రోలర్. ప్రాసెసర్, మెమరీ, బయటి తీగలకి కలిపే పిన్నులు అన్నీ ఒకే చిప్పులో ఉన్న బుల్లి కంప్యూటర్ అది. మీ ఇంట్లో మైక్రోవేవ్ లోపల, వాషింగ్ మెషీన్ లోపల ఉండేది ఇలాంటిదే. ఎస్‌డీ2ఐఈసీ అనే పరికరం ఇలాంటి చిప్పుతోనే నడుస్తుంది. కమడోర్ ఒక ఫైలు అడిగితే, అది పాత డ్రైవ్ పద్ధతిలోనే జవాబు చెబుతుంది. ఫైలుని మాత్రం మెమరీ కార్డు నుంచి తెచ్చిస్తుంది. అన్ని ఆటలూ దీనితో ఆడవు. కొన్ని ఆటలు డ్రైవ్ లోపలికి తమ సొంత కోడ్ పంపి అక్కడ నడిపిస్తాయి. అలాంటివాటిలో కొన్నింటికి ఈ పరికరం చాలదు. కానీ చాలావాటికి సరిపోతుంది.

గమనించారా? ఇక్కడ పాత కంప్యూటర్ ఏమీ మారలేదు. కొత్త చిప్పే దాని భాష నేర్చుకుంది. ఈ సంగతి మీకు తెలిసినదే. అమ్మమ్మతో మాట్లాడాలంటే ఆవిడని ఇంగ్లీషు నేర్చుకోమని అడగం కదా, మనమే తెలుగు నేర్చుకుంటాం.

"ఇది మోసం కాదా?" అని కొందరు అడుగుతారు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో వేగం 133 మెగాహెర్ట్జ్. కమడోర్ వేగం సుమారు 1 మెగాహెర్ట్జ్. అసలు యంత్రం కన్నా తోడు పరికరానికే బలం ఎక్కువ. కానీ ఒక సంగతి మర్చిపోవద్దు. ఆ పాత 1541 డ్రైవ్‌లో కూడా సొంత ప్రాసెసర్ ఉండేది. అది కమడోర్‌లోని ప్రాసెసర్ కుటుంబానిదే! కాబట్టి ఈ పద్ధతి ఇప్పుడు పుట్టింది కాదు.

"ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుంటే సరిపోదా?" అని ఇంకొందరు అంటారు. ఆట ఆడటానికి సరిపోతుంది. కానీ ఎమ్యులేటర్‌లో పొరపాటు చేస్తే ఏదీ కాలదు, కాబట్టి వోల్టేజీ అంటే ఏమిటో చేతికి తెలియదు. అలమరాలోని అసలు కంప్యూటర్ కూడా అలాగే మూగగా ఉండిపోతుంది.

మొదలుపెట్టడానికి జాయ్‌స్టిక్ మంచిది. కమడోర్ జాయ్‌స్టిక్‌లో అయిదే స్విచ్‌లు: పైకి, కిందికి, ఎడమకి, కుడికి, ఇంకొకటి ఫైర్. స్విచ్ నొక్కితే ఒక తీగ గ్రౌండ్‌కి కలుస్తుంది, అంతే. ఈ రోజుల్లో దొరికే యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్‌ని పికో చదివి, అదే పని చెయ్యగలదు. అయితే కమడోర్ తీగల్లో 5 వోల్టులు ఉంటాయి. పికో పిన్నులు 3.3 వోల్టులకి చేసినవి. రెండిటినీ నేరుగా కలపకండి. ఒక్కో తీగకి మధ్యలో ఒక్కో చిన్న ట్రాన్సిస్టర్ పెట్టండి. అప్పుడు పికో తీగని గ్రౌండ్‌కి లాగగలదు, 5 వోల్టులు మాత్రం పికో దాకా రావు.

ఇక నా మొదటి షరతు. ఇంటికొచ్చిన చుట్టం గోడలు పగలగొట్టడు కదా! మీ పరికరం కూడా అంతే. ఉన్న సాకెట్లలోనే పెట్టండి. డబ్బాకి కన్నాలు వెయ్యకండి. కంప్యూటర్ ఆపాకే తీగలు కలపండి. అన్నిటికన్నా ముందు, పెద్దవాళ్ళని పక్కన ఉంచుకుని పవర్ సప్లైని మల్టీమీటర్‌తో కొలవండి. పాత కమడోర్ పవర్ సప్లై చెడిపోతే 5 వోల్టులకన్నా ఎక్కువ పంపి లోపలి మెమరీ చిప్పుల్ని కాల్చేయగలదు. 

రెండో షరతు ఇంకా ముఖ్యం. కమడోర్ కంపెనీ 1994లో దివాలా తీసింది. కానీ అది 1982లో వేసిన ప్రోగ్రామర్ల పుస్తకంలో ఆ కంప్యూటర్ సర్క్యూట్ బొమ్మ ఉంది. అందుకే ఏ తీగ ఎక్కడికి పోతుందో ఈ రోజు కూడా చూసుకోగలుగుతున్నాం. ఎస్‌డీ2ఐఈసీ ప్రోగ్రామ్‌ని కూడా ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. మీరు మాత్రం బొమ్మ గియ్యకుండా, కోడ్ దాచుకుని పరికరం చేస్తే, పదేళ్ళ తర్వాత అది చెడిపోయిన రోజున ఎవరూ బాగుచెయ్యలేరు. పాత కంప్యూటర్ పక్కన ఇంకో మూగ డబ్బా చేరుతుంది. అందుకని సర్క్యూట్ బొమ్మ గీసి, కోడ్‌తో పాటు నలుగురికీ ఇవ్వండి.

మీరేమంటారు? పాత యంత్రానికి కొత్త చిప్పు తగిలించడం సరైనదేనా, లేక ఉన్నది ఉన్నట్టుగా దాచుకోవడమే మంచిదా? మీ అభిప్రాయాన్ని, దానికి రెండు కారణాలని పది వాక్యాల్లో రాయండి.