గుప్తనిధులూ, గుట్టుగా బ్రతికే మొక్కలూ

గుప్తనిధుల మోజు మన ప్రాంతానికి క్రొత్త కాదు. పాడుబడిన గుడిలో లంకెబిందెలు ఉన్నవన్న మాట వినగానే గునపం పట్టేవారు నేటికీ ఉన్నారు. ఆ ఆశకు బలియైన శిల్పాలు కాకతీయుల నేలపై ఎన్నో! అయితే దురాశ లేని నిధివేట ఒకటి ఇప్పుడు లోకమంతటా వ్యాపించినది. దాని పేరు జియోకాషింగ్.

2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలలో తాను కావాలని ఉంచిన దోషాన్ని తొలగించింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో ఒక డబ్బాను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. వెదకి పట్టినవారు అందులోని పుస్తకంలో పేరు వ్రాసి, డబ్బాను అక్కడే ఉంచి రావాలి. ఇదే ఆట. కాళ్లకు నడక, బుద్ధికి పని. విద్యార్థికి ఇది మేలైన వినోదమే.

కాని మహబూబాబాద్ వైపు పాఖాల అభయారణ్యంలో గాని, భూపాలపల్లి అడవులలో గాని ఆ డబ్బాను దాచరాదని మా నిశ్చితాభిప్రాయం. ప్రమాదం డబ్బాతో కాదు, దానికై పడే బాటతో. దాచేవాడు ఒక్కడే, వెదకేవారు అనేకులు. జీపీఎస్ కొన్ని మీటర్ల తేడా చూపుతుంది. ఆ కొన్ని మీటర్లలోనే ప్రతి రాయీ కదులుతుంది, ప్రతి పొదా నలుగుతుంది.

అడవినాభినే చూడండి. వేసవి అంతా దుంపగా నేలలో దాగి, తొలకరికి మొలకెత్తి, వానలలో అగ్నిజ్వాల వంటి పూలు పూస్తుంది. లేతమొలక కాలి క్రింద నలిగితే ఆ ఏడు పూవూ గింజా దక్కడం కష్టం. పైగా దానిలో కోల్చిసిన్ అనే ఔషధ ద్రవ్యం ఉన్నందున త్రవ్వుకొనిపోయేవారి భయం వేరే. అట్టి మొక్క ఉన్న చోటును అంకెలలో చాటడం దొంగచేతికి తాళాలిచ్చినట్లే. పారిపోవడానికి మొక్కకు కాళ్లు లేవు. ఎవరికంటా పడకుండా ఉండడమే దానికున్న రక్ష.

మనుషులను దూరముంచితే అడవిపై మమకారం ఎట్లా కలుగుతుందని కొందరు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2004లో మొదలైన ఎర్త్‌కాష్ పద్ధతిలో దాచేది ఏమీ లేదు. చోటుకు పోయి, అక్కడి రాళ్లను పరిశీలించి, ప్రశ్నలకు జవాబు వ్రాయడమే. ప్రాచీన శిలాచిత్రాలు గల పాండవుల గుట్టలు, ఉన్న దారి తప్పకుండా నడిచేవారికి, ఈ ఆటకు తగిన చోటు. డబ్బాలే కావాలంటే జనగామ జిల్లాలో పోతన పేరు మోసే బమ్మెర, సోమనాథుని పాలకుర్తి ఉన్నవి. ఊరి పెద్దల అనుమతితో అక్కడ దాచవచ్చును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్య ప్రవేశానికి అనుమతి కోరుతుంది. చట్టం కంటే ముందు మన మనసు అడ్డుపడవలె. నమ్మి మనచేతిలో ఉంచిన సొమ్మును ఉర్దూలో అమానత్ అంటారు. అడవి అట్టిదే, అది రాబోయే తరానిది.

విద్యార్థులారా! వానాకాలపు సెలవునాడు ఫోను చేతబట్టి బమ్మెర దారి పట్టండి. త్రోవలో అడవినాభి పూత కనబడితే కన్నులారా చూడండి. చోటును మాత్రం లోకానికి చాటకండి.